దూడను చూసినంకనే

హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ సారు మా దుకాణంలో కుర్చీ లాక్కుని కూర్చుని, సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టాడు. పట్నంలో వాళ్లది పెద్ద మిఠాయి కంపెనీ. మా కోవా రుచి చూశారట, రోజూ కావాలట. కాకపోతే సరుకు ఇచ్చేవాళ్లు కొన్ని నియమాలు పాటించాలి, అవన్నీ ఇందులో ఉన్నాయి, చూసి సంతకం పెట్టండి మేడం అన్నాడు.

నేను చదవడం మొదలుపెట్టాను. పూర్తిగా చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. ఆయన చాయ్ తాగాడు, ఫోన్ చూసుకున్నాడు, మళ్లీ చాయ్ తాగాడు. నేను చదువుతూనే ఉన్నాను. తలకు టోపీ, చేతులకు గ్లౌజులు ఉండాలి. చిన్నపిల్లలతో పని చేయించకూడదు. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి ఉండాలి. మంట అంటుకుంటే బయటికి పోయే దారి ఉండాలి. మంచి మాటలే, ఒక్కదానితోనూ నాకు పేచీ లేదు. రోజూ ఒకే తూకం సరుకు తప్పకుండా ఇవ్వాలి అన్న చోట కొంచెం ఆగి ముందుకు పోయాను. చివరి పేజీ కూడా అయ్యాక తలెత్తి, "దూడ సంగతి ఎక్కడుంది సార్?" అని అడిగాను.

"ఏ దూడ మేడం?"

"బర్రె దూడ. పాలెక్కడి నుంచి వస్తున్నాయో చూడరా మీరు?"

ఆయన కాగితాలు నా చేతిలోంచి తీసుకుని ముందుకీ వెనక్కీ తిప్పాడు. మా ఫార్మాట్‌లో అది లేదు మేడం అన్నాడు. మాకు మాత్రం అదే మొదలు సార్, మీవన్నీ దాని తర్వాత అని చెప్పి సంతకం పెట్టాను. ఆయన నవ్వాడు గానీ నేను సరదాకు అనలేదని ఆయనకు అప్పుడు తెలియదు.

మాది రామన్నపేట. కోవా పని మా అమ్మీ మొదలుపెట్టింది, ఇంటి వెనక రేకుల కింద, ఒక్క కడాయితో. పెళ్లిళ్లకు, రంజాన్‌కు, క్రిస్మస్‌కు చుట్టుపక్కల ఎవరింట్లో తీపి వండాలన్నా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. పాలు కొనే ముందు అమ్మీ ఆ ఇంటికి పోయి కొట్టంలోకి నేరుగా నడిచేది. ఇంటివాళ్లు బర్రెను చూపించి దాని కొమ్ములు, పొదుగు పొగుడుతుంటే ఆమె చూపు అటు పోయేదే కాదు. గుంజకు కట్టేసిన దూడ ముందు చతికిలబడేది. వెంట్రుకలు నున్నగా ఉన్నాయా, నిక్కబొడుచుకున్నాయా. పక్కటెముకలు బయటికి కనబడుతున్నాయా. మనిషి దగ్గరికి పోతే తాడు తెంపుకునేలా గుంజుతుందా, మెడ నేల మీద వాల్చి ఊరికే చూస్తుందా. అది చూసిన తర్వాతే పాల మాట ఎత్తేది. నేను కొంగు పట్టుకుని వెనక తిరిగే వయసులోనే ఇదంతా నేర్చుకున్నాను.

"నీళ్లు కలిపితె పాలల్ల తెలుస్తది బిడ్డా. దూడ నోరు కొట్టింది పాలల్ల తెల్వదు. దూడను చూస్తెనే తెలుస్తది" అనేది. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం గానీ పాల సంగతులన్నీ అమ్మీ తెలుగులోనే చెప్పేది, పాలు తెలుగులోనే వచ్చేవి కాబట్టి.

అసలు సంగతి ఏమిటంటే ఈ పద్ధతి దున్నదూడ కోసం పెట్టినది. ఆడదూడ పుడితే ఇంటికి ఇంకో బర్రె వచ్చినట్టే, దాన్ని ఎవరూ పస్తు పెట్టరు. దున్నదూడ పుడితే ఇంట్లో ఎవరికీ పట్టదు. పొలం దున్నడానికి ట్రాక్టరు వచ్చాక దానితో పనేముంది? అలాగని ఎవరూ చంపరు. దానికి వదిలే పాలు రోజురోజుకు తగ్గిస్తారు, అది రోజురోజుకు చిక్కిపోతుంది, ఒక పొద్దున లేవదు. దేవుడు తీసుకుపోయాడు అంటారు. దేవుడి మీద అంత పెద్ద అబద్ధం ఆడేవాళ్ల దగ్గర పాలు కొననని అమ్మీ పట్టుపట్టింది. దూడ ముందు తాగాలి, చివరికి దాని వంతు ఒక చన్ను దానికి వదలాలి, ఆడదైనా మగదైనా. పాలు దించే సూది మందు కొట్టంలోకి రాకూడదు. మాకున్న నియమాలు ఇంతే, వీటికి కాగితం అవసరం పడలేదు.

అమ్మీ పోయాక కడాయి నా చేతికి వచ్చింది. కడాయి అంటే కలిపేది మా ఆయన, ఆయన చెయ్యి ఆగకుండా తిరుగుతుంది, నోరు ఎప్పుడో గానీ తెరుచుకోదు. పాల కోసం ఊళ్లు తిరిగేది నేను. అమ్మీ కాలినడకన తిరిగింది, నేను స్కూటీ మీద తిరిగాను, అంతే తేడా. చెప్పి పోయేదాన్ని కాదు. నన్ను చూడగానే ఆడవాళ్లు, "దూడల ఇన్‌స్పెక్టర్ వచ్చింది" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. ఆ బిరుదు నాకు నచ్చింది, అందుకే ఏమీ అనలేదు.

మా పాలల్లో ఎక్కువ భాగం ఒక ఊరి నుంచే వచ్చేది. ఆ ఊరి చివర కాలనీలో ఒక అక్క ఉండేది. ఆమె నన్ను ఆపా అనేది, నేను ఆమెను అక్కా అనేదాన్ని, రెండూ ఒకటే మాట. ఇద్దరిలో ఎవరు పెద్దో మాకే తెలియదు, ఎవరూ పెద్ద కావడానికి ఒప్పుకోలేదు. వాళ్ల అత్త కాలమంతా ఒకరి కొట్టాల్లో పేడ తీసిన ఇల్లు అది. సొంత గుంజకు సొంత బర్రెను కట్టేయడం ఈమెతోనే మొదలైంది. ఆదివారం చర్చికి పోయే ముందు తెల్లచీర కట్టుకునే పాలు పిండేది, చీర మీద ఒక్క చుక్క పడనిచ్చేది కాదు. అమ్మీ పోయిన కొత్తలో ఈ పిల్ల నడపగలదా అని ఊళ్లు అనుమానపడి పాలు ఇంకొకళ్లకు పోస్తుంటే, కాలనీ ఆడవాళ్లందరినీ కూడగట్టి మా దుకాణానికే పోయించింది ఆమె. అందరి పాలు ఆమె వాకిట్లో క్యాన్లలోకి చేరేవి, అక్కడి నుంచి ఆటోలో మాకు వచ్చేవి. ఆమె మీద నాకు ఎంత నమ్మకమంటే, మిగతా ఇళ్లకు వెళ్లినన్నిసార్లు ఆమె కొట్టంలోకి వెళ్లేదాన్ని కాదు.

పట్నం సారుకు కోవా పోవడం మొదలైంది. కంపెనీ డబ్బాల్లో మా కోవా బస్సెక్కుతుంటే మా ఆయన కూడా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంకో పొయ్యి కొందామన్నాడు, కొన్నాడు కూడా. అది అట్టపెట్టెలోనే గోడకు ఆనించి ఉంది, రేకుల షెడ్డు కొంచెం పెంచాక బిగిద్దామని. అప్పుడే ముసురు పట్టింది. మా వైపు వాన ఎప్పుడూ అరకొరే గానీ ఆ యేడు వదలకుండా కురిసింది.

ముసురు తెరిపిచ్చిన ఒక పొద్దున నేను ఆ ఊరికి పోయాను. అక్క కొట్టంలో ఆమె బర్రె, వంకర కొమ్ముది, పిండడానికి సిద్ధంగా నిలబడి ఉంది. దాని తొడలు సన్నగా వణుకుతున్నాయి. పక్కన గుంజ ఖాళీగా ఉంది. దున్నదూడ తాడు చుట్ట చుట్టి మేకుకు తగిలించి ఉంది. దాని పైన గోడ గూట్లో చిన్న గాజు సీసా, సిరంజి కనిపించాయి. దాచి పెట్టలేదు, ఉప్పు డబ్బా పక్కనే ఉన్నాయి.

"దూడేది అక్కా?"

ఆమె చెంబు కింద పెట్టింది. "చచ్చిపోయింది ఆపా. ముసురుల కడుపు పారుడు వట్టింది. మల్ల లేవలే."

"మరి పాలెట్ల వస్తున్నయి?"

"సూది ఏస్తున్న."

ఆమె అబద్ధం ఆడలేదు. దాంతో నాకు ఇంకా కోపమొచ్చింది. అబద్ధమాడి ఉంటే తిట్టి వెనక్కి తిరిగేదాన్ని, ఆ పని సులువు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె పాలు వద్దంటవని."

"ఇప్పుడు గూడ వద్దనే అంటున్న. రేపటి సంది ఈ బర్రె పాలు క్యాన్ల పొయ్యకు."

ఆమె లేచి నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు, ఒక్కొక్క మాట నా ముందు పెట్టినట్టు మాట్లాడింది. "బిడ్డ నల్లగొండల నర్సింగు చదువుతాంది. గీ బర్రె మీదనే దాని చదువు నడుస్తాంది. దూడ వోయిన బర్రెను నేనేం జెయ్యాలె? సూది ఏస్తె తప్పంటవు. ఏయకుంటె పాలు సేపదు, ఒట్టిపోతది. ఒట్టిపోయిన బర్రెను మల్ల సూడి కట్టి ఈనేదాక మేపే తాకత్ నాకు లేదు. అంగట్ల అమ్మితె అది యాడికి పోతదో నీకు తెల్వదా? కోతకు పోతె మంచిదా ఆపా? నీ రూల్ల దాని సంగతి ఏమున్నదో జెప్పు."

మా రూల్లో దాని సంగతి ఏమీ లేదు. స్కూటీ తీశాను. దారంతా ఆమెను మనసులో తిడుతూనే వచ్చాను, ఆమె దూడను ఆకలితో చంపే మనిషి కాదని తెలిసి కూడా తిడుతూనే వచ్చాను.

మరుసటి పొద్దున ఆటో ఖాళీగా వచ్చింది. అక్క పాలే కాదు, కాలనీలో ఏ ఒక్కరి పాలూ రాలేదు. ఆటో అతను క్యాన్లు దించి మూతలు తీసి చూపించాడు, నేను నమ్మనేమో అన్నట్టు. ఆమె పాలు పనికి రాకుంటే మా పాలు కూడా వద్దు అన్నారట అందరూ. మిగతా ఊళ్ల పాలు కడాయి అడుగు తడపడానికే సరిపోయాయి.

మా ఆయన అప్పటికే మంట పెట్టి తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు. కడాయిలోకి చూశాడు, నా వైపు చూశాడు. "నీ రూలు గిండ్ల పొయ్, దాన్నే కలుపుత" అన్నాడు.

ఇంకో రోజైతే నవ్వేదాన్ని. ఆయనే మళ్లీ, ఈ ఒక్కరోజుకు ప్యాకెట్ పాలు తెచ్చి చేద్దామా అని మెల్లగా అడిగాడు. ఆ ప్యాకెట్ల వెనక ఏ దూడ ఉందో నువ్వు చూశావా అన్నాను. ఆయన మంట తగ్గించాడు. పట్నం సారుకు ఫోన్ చేసి ఇవాళ కోవా లేదని చెప్పాను. ఒకే తూకం రోజూ ఇస్తామని సంతకం పెట్టారు కదా మేడం, ఇలా అయితే కష్టం, ఎలాగోలా సర్దండి అన్నాడు ఆయన. ఎలాగోలా సర్దితే ఏమవుతుందో నిన్ననే చూసొచ్చాను సార్ అని ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక ఆ మాట నాకే వినిపించింది. ఎలాగోలా సర్దు. సారు నాకు చెప్పింది అదే, నేను అక్కకు చెప్పిందీ అదే. రోజూ ఒకే తూకం కావాలని పై నుంచి ఒకరు అంటారు, సూది వద్దని ఇంకొకరు అంటారు, రెండింటి మధ్య బర్రె పక్కన నిలబడేది మాత్రం ఆమె ఒక్కతే. దూడ పోతే ఏం చేయాలి అని ఆమె అడిగిన ప్రశ్నలో తప్పేమీ లేదు. వద్దని చెప్పడం సగం పనే, మిగతా సగం ఆమె ఒక్కదాని నెత్తిన వేసి వచ్చాను. అయితే సూది విషయంలో నా మాట మారలేదు. అందులో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు.

సాయంత్రం పాలు పిండే వేళకు మళ్లీ పోయాను. కాలనీ ఆడవాళ్లు గడపల్లోనే నిలబడి చూశారు, ఎవరూ ఇన్‌స్పెక్టర్ అనలేదు. అక్క కొట్టం ముందు వాళ్ల అత్త, అందరూ అవ్వ అని పిలిచే ముసలామె, జొన్న సొప్ప విరుస్తూ కూర్చుంది. అక్క నన్ను చూసి బర్రె పక్కకు జరిగింది. గూట్లో సీసా అక్కడే ఉంది, వంకర కొమ్ము బర్రె పొదుగు బిగిసి ఉంది. పొద్దున సూది వేయలేదని, వేయకపోతే చుక్క కూడా దించలేదని అవ్వ చెప్పింది. నా మీద పంతానికి వేయలేదో, నా మాటకు వేయలేదో అక్క చెప్పలేదు, నేనూ అడగలేదు.

"నువ్వు అడిగినదానికి జవాబు తెచ్చిన అని అనను" అన్నాను. "కాని నువ్వొక్కదానివే ఎందుకు వెతకాలె? ఇద్దరం వెతుకుదాం."

అక్క బర్రె వెన్ను నిమురుతూ ఉండిపోయింది. నేను అవ్వ పక్కన కూర్చున్నాను. సూదులు లేని రోజుల్లో దూడ పోతే ఏం చేసేవాళ్లు అవ్వా అని అడిగాను. మా అమ్మీ ఎప్పుడో చెప్పింది నాకు లీలగా గుర్తుంది, తోలులో గడ్డి కుక్కి దూడలా నిలబెట్టేవాళ్లని.

"తోలు దూడను జేసెటోళ్లు" అంది అవ్వ. "తల్లి దాన్ని నాకుతుంటె సేపేది. గిప్పుడు తోలేడుంది? గుంత తీసి పెట్టినం గద. నీ అక్క అండ్ల ఉప్పు గూడ పోసింది."

అప్పుడు అక్క బర్రెను వదిలి ఇంట్లోకి పోయింది. లోపల దూలం మీది నుంచి ఏదో లాగిన చప్పుడయింది. బయటికి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో చుట్ట చుట్టిన నల్లని గొంగడి ఉంది. వాళ్ల మామ కప్పుకున్న పాత గొంగడి. ముసురు రాత్రుల్లో దూడకు చలి పెడుతుందని దీన్నే దాని మీద కప్పి, పక్కనే కూర్చుందట. దూడ దాని కిందే పోయింది.

"ఉతకబుద్ధి కాలే" అంది అక్క, ఎవరికీ చెప్పనట్టు.

గొంగడి విప్పి బర్రె ముందు, దూడ ఉండే చోట పరిచింది. వంకర కొమ్ము బర్రె మొదట పట్టించుకోలేదు. తర్వాత మెడ చాచింది. ముక్కు పుటాలు విప్పుకుని వాసన చూసింది, కిందికీ పైకీ, మళ్లీ కిందికి. గొంతు లోపల్నుంచి సన్నగా ఒక చప్పుడు చేసింది. అది అరుపు కాదు, దూడను దగ్గరికి పిలిచేటప్పుడు మాత్రమే చేసే చప్పుడు, ఆ కొట్టంలో మాకు ముగ్గురికీ తెలిసినది. గొంగడిని నాకడం మొదలుపెట్టింది. దాని గరుకు నాలుక గొంగడి మీద పోతున్న శబ్దం వినబడుతోంది. అక్క చెంబు మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చుని, పొదుగు వేడినీళ్లతో కడిగి, చన్ను పట్టింది. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత చెంబు అడుగున సర్రుమని ఒక ధార పడింది.

అక్క పిండుతూనే ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఆ తల్లిని మోసం చేస్తున్నామా అని ఒక్క క్షణం అనిపించింది. మోసమే కావచ్చు. కానీ అది నాకుతున్నప్పుడు దాని తొడలు వణకడం ఆగింది, నా కళ్లతో చూశాను. సూది దానికి ఆ నిమ్మళం ఇవ్వలేదు.

పాలు చెంబు సగానికి కూడా రాలేదు. అక్క ఆ చెంబును నా ముందు పెట్టింది.

"గింతే. రేపు ఇంతకంటె తక్కువే రావచ్చు. గొంగడి వాసన పోతె అదీ రాకపోవచ్చు. గింతకే నువ్వు నన్ను ఉంచుకుంటవా? మల్ల బర్రె ఈనేదాక నా జాగ నాకు ఉంటదా? గది జెప్పు. సూది బయట పారేస్త."

"ఉంటది" అన్నాను.

"ఉంటది అంటె సాలదు. అందరి ముంగట అను."

గడపల్లో నిలబడ్డ ఆడవాళ్లను ఆమే పిలిచింది. వాళ్ల ముందు అన్నాను. దూడ పోయిన ఇంటి పాలు ఎంత వస్తే అంతే తీసుకుంటాం, ఏమీ రాకపోయినా ఆ ఇంటి వంతు ఇంకొకరికి పోదు, వాళ్ల చోటు వాళ్లకే ఉంటుంది. ఆ బర్రె దాణా ఖర్చు మా దుకాణం చూసుకుంటుంది. సూది మాత్రం ఎవరి గూట్లోనూ కనబడకూడదు. అప్పుడు అక్క ఇంకొక మాట కలిపింది, అది నాకు గుచ్చుకుంది గానీ న్యాయమైన మాట. "దూడకు పారుడు వట్టినప్పుడు నీకు ఫోన్ చేద్దామని చేతులకు తీసుకున్న. పాలు ఆపుతవని బుగులైంది. చెయ్యలే. దూడను చూసుడు ఒక్కటేనా నీ పని? దానికి పాణం బాగలేనప్పుడు డాక్టరును తెచ్చుడు ఎవరి పని?"

ఆ పని నాది అని అదే వాకిట్లో ఒప్పుకున్నాను. మా అమ్మీ నియమం పాలు పోసేవాళ్లు నన్ను చూసి భయపడేలా కాక నాకు ఫోన్ చేసేలా ఉండాలి. ఆ మాట నాకు ముందే తట్టాల్సింది అని నేను అనుకోను. కొన్ని మాటలు ఎదుటివాళ్లు అంటేనే తడతాయి, అందుకే ఎదుటివాళ్లు ఉంటారు.

తెల్లారి ఆటో నిండుగా వచ్చింది. ఒక చిన్న క్యాన్ విడిగా, మూతకు గుడ్డ కట్టి ఉంది. మా ఆయన ఆ క్యాన్‌నే ముందు కడాయిలో వంచాడు.

పట్నం సారు మాత్రం ఊరుకోలేదు, తానే వచ్చాడు. నేను ఆయన్ని దుకాణంలో కూర్చోబెట్టలేదు. నున్నటి బూట్లతోనే స్కూటీ వెనక ఎక్కించుకుని అక్క కొట్టానికి తీసుకుపోయాను. ఆయన పేడ తొక్కకుండా జాగ్రత్తగా నిలబడి, గొంగడినీ బర్రెనూ చూశాడు. అక్క చెప్పిందంతా విన్నాడు. మనిషి మంచివాడే. మా వాళ్లకు ఇది ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు మేడం అన్నాడు.

"సులువు సార్. మీ కాగితం మీద రోజూ ఒకే తూకం అని ఉంది కదా. ఆ తూకం తగ్గించి రాయండి. ముసురులోనైనా, ఏ ఇంట్లో దూడ పోయినా నేను ఇవ్వగలిగినంతే రాయండి. అంత తక్కువ రాస్తే ఏ రోజూ తప్పదు. దానికంటే ఎక్కువ వచ్చిన రోజు మిగతాది రామన్నపేట తింటుంది."

ఆయన వెళ్లి పైవాళ్లతో మాట్లాడాడు. తూకం సగానికి తగ్గింది. వాళ్ల పెద్ద దుకాణానికి మా కోవా పోదని, చిన్నవాటికి మాత్రమే పోతుందని చెప్పారు. సరే అన్నాను. మా ఆయన కొన్న కొత్త పొయ్యి అట్టపెట్టెలోనే ఉండిపోయింది, ఇప్పటికీ అది గోడకు ఆనుకునే ఉంది, దాని మీద మేం గిన్నెలు బోర్లిస్తాం. అటు చూసినప్పుడల్లా ఆయన ఒక నిట్టూర్పు విడుస్తాడు, నేను వినబడనట్టు ఉంటాను. నాకు దాని మీద బెంగ లేదు. ఉన్నంతలో చేసిన కోవాను నేను ఎవరి కళ్లలోకైనా చూస్తూ అమ్మగలను, ఆ ధైర్యం ముందు పొయ్యి ఎంత.

అక్క బర్రె గొంగడి వాసన మీద కొన్నాళ్లు పాలిచ్చి ఒట్టిపోయింది. అంగడికి పోలేదు. అక్క కూతురు చదువు కోసం కాలనీ పాలు చేర్చే పనికి దుకాణం ఇచ్చే కూలి నిలబడింది, ఆమె చోటు ఆమెకే ఉంది. పిల్ల నర్సింగు పూర్తి చేసి ఇప్పుడు చౌటుప్పల్ దవాఖానలో చేస్తోంది. తర్వాతి యేడు బర్రె ఈనింది. మళ్లీ దున్నదూడే. నేను చూడ్డానికి పోతే అక్క, "ఇన్‌స్పెక్టరమ్మ, మంచిగ సూస్కో" అని దాన్ని నా ముందుకు తోసింది. అది నా దుపట్టా కొస నోట్లో పెట్టుకుని చప్పరించింది.

ఆ దూడ చలికాలంలో జబ్బు పడింది. ఒక పొద్దున పొయ్యి ముట్టించకముందే నా ఫోన్ మోగింది. అక్క గొంతు.

"ఆపా, దూడ పారుతాంది. ఇయ్యాల నాలుగు చన్లూ దానికే వదిలిన. నా తరఫున పాలు రావు. జెప్తున్న."

జెప్తున్న అన్న ఆ ఒక్క మాట కోసం నేను ఎంతకాలం ఎదురుచూశానో అప్పుడు తెలిసింది. వస్తున్న అన్నాను. పశువుల డాక్టరును నిద్రలేపి, చాయ్ కూడా తాగనివ్వకుండా స్కూటీ ఎక్కించుకుని పోయాను. కొట్టంలో అక్క దూడ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, గొంగడి దాని మీద కప్పి ఉంది. డాక్టరు మందు తాపించాడు, సెలైన్ పెట్టాడు. నేనూ అక్కా దూడకు అటొకరం ఇటొకరం కూర్చున్నాం. అవ్వ మాకు చాయ్ తెచ్చింది, పాలు లేని చాయ్.

ఎండ కొట్టంలోకి వచ్చే వేళకు దూడ ముందుకాళ్లు ముడుచుకుని, వెనక భాగం పైకి లేపి, కాసేపు అలాగే వణుకుతూ ఉండి, నిలబడింది.